గోదావరి లంకలో మాగ్నెటిక్ అబ్జర్వేటరీ: ఈ స్థలం పనికొస్తుందా?

లంక మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా పూర్వ విద్యార్థి ఒకాయన గౌతమి పాయ అవతల లంకలో తన వాటాకి వచ్చిన కొబ్బరితోట, రెండెకరాలకి కాస్త తక్కువ, కాలేజీ పేరున రాసిచ్చారు. ఏదైనా సైన్సు పనికి వాడమన్నారు, అంతకు మించి షరతు ఏమీ పెట్టలేదు.

మాకొచ్చిన ఆలోచన ఏమిటంటే భూ అయస్కాంత క్షేత్రాన్ని రాత్రీ పగలూ నమోదు చేసే చిన్న అబ్జర్వేటరీ పెట్టడం. 2024 మే 10, 11 తేదీల్లో సూర్యుడి ధాటికి భూక్షేత్రం అల్లకల్లోలమై పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది కదా, లద్దాఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిందని ఫొటోలు చూసి పిల్లలు క్లాసులో అడిగారు, "మరి ఆ రాత్రి మన ఊళ్లో దిక్సూచి ఏమైనా కదిలిందా సార్?" అని. కదిలే ఉంటుంది, కంటికి కనబడేంత కాదు అని చెప్పాను కానీ ఎంత కదిలిందో చూపించడానికి మా దగ్గర ఒక్క గీత కూడా లేదు. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

స్థలం వివరాలు: పంటు (ఏరు దాటించే పడవ) దిగి ఏటిగట్టు మీద కిలోమీటరున్నర నడవాలి. కార్లు రావు, మోటారు సైకిళ్లు వస్తాయి. 11 కేవీ లైను తోట అంచు నుంచి 400 మీటర్లు ఉంటుంది. రొయ్యల చెరువులు ఉత్తరాన ముప్పావు కిలోమీటరు దూరంలో ఉన్నాయి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) రాత్రంతా తిరుగుతాయి. అవతలి ఒడ్డున గ్యాస్ పైపులైను రాళ్లు పాతి ఉన్నాయి, సుమారు కిలోమీటరున్నర. తోటలో పాత పెంకుటిల్లు ఒకటుంది, గోడలు గట్టివే. పరికరాలు అందులోనే పెట్టేసుకోవచ్చా? ఇంకో భయం వరద. 2022 జులైలో తోటలో నడుంలోతు నీళ్లు నిలబడ్డాయి. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మొదట ఏం చెయ్యాలి?

పాత అబ్జర్వర్

మాస్టారూ, నేను పాతికేళ్లకి పైగా మాగ్నెటిక్ అబ్జర్వేటరీలో రీడింగులు తీసి రిటైరయ్యాను. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ముందు ఆ పెంకుటింటి ఆలోచన మానెయ్యండి. ఇటుకా పెంకూ రెండూ కాల్చిన మట్టే. మన ఒండ్రుమట్టిలో మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజం సన్నని రేణువులుగా ఉంటుంది. బట్టీలో వేడి 580 డిగ్రీలు దాటగానే మాగ్నటైట్ తన అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది, మళ్లీ చల్లారేటప్పుడు ఆ రోజు ఆ బట్టీ దగ్గర భూక్షేత్రం ఎటు ఉందో దాన్ని పట్టేసుకుని అలాగే ఉండిపోతుంది. అంటే ప్రతి ఇటుకా ఒక బలహీనమైన అయస్కాంతం. మేస్త్రి వాటిని తలోవైపు తిప్పి పేరుస్తాడు. అలాంటి నాలుగు గోడల మధ్య మీటరు జరిగితే చాలు రీడింగు మారిపోతుంది. మనకి కావలసింది కొలిచే గదిలో మీటరుకి ఒక నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) కూడా తేడా రాని చోటు. మీ దగ్గర మొత్తం క్షేత్రం 43 వేల నానోటెస్లా చుట్టుపక్కల ఉంటుంది, అందులో మనం వెతికేది ఒకటీ అరా.

అందుకే గుడిసె ప్లానూ, పరికరాల కొటేషన్లూ పక్కన పెట్టి ముందు ఒక ప్రోటాన్ మాగ్నెటోమీటరు అరువు తెచ్చుకోండి. యూనివర్సిటీ జియోఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఉంటాయి. అందులో సెన్సారు అంటే కిరోసిన్ లాంటి హైడ్రోజన్ ఎక్కువగా ఉండే ద్రవం నింపిన డబ్బా, దాని చుట్టూ తీగచుట్ట. కాసేపు కరెంటు ఇచ్చి ఆపేస్తే ద్రవంలోని ప్రోటాన్లు భూక్షేత్రం చుట్టూ బొంగరాల్లా తిరుగుతాయి, మీ ఊళ్లో అయితే సెకనుకి దాదాపు 1830 సార్లు. ఆ లెక్క పెట్టడమే కొలత. దీనికి కాలిబ్రేషన్ గొడవ లేదు, ప్రోటాన్ ఎక్కడైనా ప్రోటానే. తోటంతా ఐదేసి మీటర్లకి తాడు కట్టి గళ్లు వేసి ప్రతి గడిలో రీడింగు తీసుకోండి, బాగున్న చోట మళ్లీ మీటరుకొకటి తియ్యండి, అది కూడా రెండు ఎత్తుల్లో. ఇంకో మాగ్నెటోమీటరు ఒకేచోట నిలబెట్టి ఉంచాలి, లేకపోతే మధ్యాహ్నానికి క్షేత్రం తనంతట తానే పదుల నానోటెస్లాలు మారుతుంది, ఆ మార్పుని మీరు నేలలో తేడా అనుకుంటారు.

ఇలా స్థలం కోసం తిప్పలు పడటం కొత్తేం కాదు. బొంబాయిలో కొలాబా అబ్జర్వేటరీలో 1841 నుంచి అయస్కాంత రీడింగులు తీశారు. 1859 సెప్టెంబరు తుఫానులో క్షేత్రం ఉన్నదానికంటే 1600 నానోటెస్లా దాకా తగ్గిందని అక్కడి రీడింగుల నుంచే చెబుతారు, ఈ రోజుకీ దేశదేశాల వాళ్లు ఆ కాగితాలు తిరగేస్తారు. అంతటి చోటు ట్రాములకి కరెంటు పెడుతున్నారనేసరికి పనికిరాకుండా పోయింది. అప్పటి డైరెక్టరు నానాభాయ్ మూస్ సముద్రం అవతల అలీబాగ్‌లో స్థలం వెతికి, అయస్కాంతత్వం లేని పోర్‌బందర్ రాయితో కట్టించి 1904లో మొదలుపెట్టారు. రెండేళ్ల పాటు రెండుచోట్లా ఒకేసారి కొలిచి, పాత లెక్కకీ కొత్త లెక్కకీ అతుకు కుదిరాకే కొలాబా ఆపారు. మన హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు కూడా నగరం పెరిగాక చౌటుప్పల్లో ఇంకో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. కాబట్టి మీ లంకకి కారు రాకపోవడమే మీ ఆస్తి. రేపు వంతెన పడుతుందా, రోడ్డు ప్లానేమైనా ఉందా, అది మాత్రం పంచాయతీలో ఇప్పుడే కనుక్కోండి.

ఇంకా చెప్పేది ఉంది, రాత్రికి రాస్తాను.

రాజోలు సైటు ఇంజనీరు

కట్టుబడి గురించి నేను చెబుతాను. నేను అబ్జర్వేటరీ కట్టలేదు కానీ ఈ నేలలో ఇరవై ఏళ్లుగా పునాదులు వేస్తున్నాను.

మన సైట్లకి వచ్చే నల్ల కంకర చాలావరకు పంగిడి, గౌరీపట్నం క్వారీలదే. అది బసాల్టు, రాజమండ్రి ట్రాప్స్ అంటారు, లావా గడ్డకట్టిన రాయి. దాంట్లో మాగ్నటైట్ బాగా ఉంటుంది. అంటే మామూలు కాంక్రీటు ఇనుప కడ్డీ వెయ్యకపోయినా పనికిరాదు. ఇసుక సంగతి కూడా అంతే. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గోదారి ఇసుకలో తిప్పి చూడండి, నల్లటి రేణువులు గడ్డంలా వేలాడతాయి. నది దక్కను బసాల్టు మీంచి పారి వస్తోంది కదా. అంతర్వేది వైపు సముద్రపు నల్ల ఇసుక గురించి చెప్పనే అక్కర్లేదు.

మరి దేంతో కట్టాలి అంటే, మా తాతలు వాడిన గుల్ల సున్నం మంచిది. గవ్వలూ నత్తగుల్లలూ కాల్చిన సున్నంలో ఇనుము దాదాపు ఉండదు. లేదంటే తెల్ల సిమెంటు, ఇనుము తక్కువగా ఉండబట్టే అది తెల్లగా ఉంటుంది. కంకర బదులు పాలరాయి ముక్కలు, ఇసుక బదులు పాలరాయి పొడి. స్తంభం మీద పలకకి బేతంచెర్ల నాపరాయి చూడండి, కానీ ఏ రాయైనా కొనే ముందు ప్రతి ముక్కనీ సెన్సారు దగ్గరికి తెచ్చి తిప్పి చూసి తీసుకోండి. నల్ల గ్రానైట్ వద్దే వద్దు. కడ్డీ తప్పదనుకుంటే ఫైబర్ గ్లాస్ కడ్డీలు దొరుకుతున్నాయి. పైకప్పు తాటి దూలాల మీద తాటాకు, కట్లు కొబ్బరి తాడుతో, మేకులూ బందులూ ఇత్తడివి. ఇత్తడని చెప్పి అమ్మినవాటిలో పైన పూత మాత్రమే ఇత్తడి ఉన్నవి వస్తాయి, ప్రతి మేకునీ అయస్కాంతానికి చూపించాలి. నవ్వేవాళ్లు నవ్వనీ, డబ్బాడు మేకులూ కూర్చుని చూడాల్సిందే.

నాకు అసలు దిగులు పునాది. లంకలో మీటరున్నర తవ్వితే నీళ్లు పడతాయి. వేసవిలో నేల కుంగుతుంది, వరదకి ఉబ్బుతుంది. స్తంభం ఎంతవరకు వాలితే ఫర్వాలేదో ఎవరైనా చెబితే దానికి తగ్గట్టు ఆలోచిద్దాం.

పాత అబ్జర్వర్

ఇంజనీరు గారూ, మంచి ప్రశ్న వేశారు. క్షేత్రంలో మార్పుల్ని ఆగకుండా నమోదు చేసే ఎలక్ట్రానిక్ సెన్సారుని ఫ్లక్స్‌గేట్ అంటారు. నిలువు భాగాన్ని కొలిచే ఫ్లక్స్‌గేట్ ఉత్తర దక్షిణాలుగా వాలిందనుకోండి, పడుకున్న క్షేత్రం, అంటే నేలకి సమాంతరంగా ఉన్న భాగం, మన దగ్గర 40 వేల నానోటెస్లా పైచిలుకు, దాంట్లోకి చొరబడుతుంది. లెక్క వేస్తే మీటరు వెడల్పు దిమ్మె ఒక అంచున 25 మైక్రాన్లు దిగితే చాలు, ఒక నానోటెస్లా తప్పు. 25 మైక్రాన్లంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు. ఏ పునాదీ ఈ నేలలో అంత నిలకడగా ఉండదు, ఉండాలని పట్టుపట్టకండి. సెన్సారుని సన్నని పట్టీలతో వేలాడదీసే రకాలు ఉన్నాయి, దిమ్మె వాలినా అది గుండు తాడులా నిటారుగా ఉంటుంది. లంకకి అదే సరి.

అయినా వారం వారం కొలతే అసలు మందు. ఇది చెబుదామనే ఆగాను. ఫ్లక్స్‌గేట్ మార్పుని చెబుతుంది కానీ అసలు విలువ ఎంతో నమ్మకంగా చెప్పలేదు. వేడికి జరుగుతుంది, వయసుకి జరుగుతుంది. భూక్షేత్రం కూడా ఏటా పదుల నానోటెస్లాలు మారుతూనే ఉంటుంది. జరిగింది భూమా, మన పెట్టెలో ఎలక్ట్రానిక్సా? తేల్చాలంటే మనిషి వెళ్లి చేత్తో కొలవాలి. ఇనుము లేని థియోడొలైటు (కోణాలు కొలిచే దుర్భిణి పరికరం), దాని దుర్భిణి మీద చిన్న ఫ్లక్స్‌గేట్. సెన్సారుకి సున్నా వచ్చే దిక్కు పట్టుకోవాలి, దుర్భిణి తిరగేసి మళ్లీ పట్టుకోవాలి, అటు తిప్పి రెండు, ఇటు తిప్పి రెండు. దిక్పాతానికి (అసలు ఉత్తరానికీ సూది చూపే ఉత్తరానికీ మధ్య కోణం) నాలుగు, అవపాతానికి (క్షేత్రం నేలలోకి వంగే కోణం) నాలుగు. అప్పుడు పరికరంలోని వంకర్లు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. చెయ్యి తిరిగినవాళ్లకి అరగంట, కొత్తవాళ్లకి పూటంతా.

దిక్పాతంలో ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) తప్పితే 12 నానోటెస్లా తప్పు. ఇంటర్‌మాగ్నెట్ అనే అంతర్జాతీయ అబ్జర్వేటరీల కూటమి వాళ్లు అడిగేది 5 నానోటెస్లా లోపు. అందుకని దూరంగా ఒక గురుతు కావాలి, దాని నిజమైన దిక్కు ముందే జీపీఎస్‌తోనో సూర్యుణ్ణి చూసో తేల్చి పెట్టుకోవాలి. గుడి గోపురం కలశం బాగుంటుంది. 300 మీటర్ల దూరంలోని గురుతు సెంటీమీటరు జరిగితే కోణంలో 7 సెకన్ల తేడా, అంటే ఒక నానోటెస్లాకి పైనే, కాబట్టి కొబ్బరిచెట్టుకి రంగు పూసి గురుతు అనుకోకండి, గాలికి ఊగుతుంది. చూపు వెళ్లే దారిలో మట్టలు అడ్డం రాకుండా ఏటా కొట్టించుకోవాలి.

మాస్టారూ, వారానికి ఒకరోజు, వానైనా పరీక్షలైనా పండగైనా, పంటు దాటి వెళ్లి ఈ పని చేసే ఇద్దరు మనుషులు మీకు ఉన్నారా? పరికరాలకి ఎవరో ఒకరు డబ్బిస్తారు, ఈ ఇద్దరినీ ఎవరూ ఇవ్వరు. నేను చీరలో ఒక్క పిన్నీసు మర్చిపోయి గదిలోకి వెళ్లిన రోజు పొద్దుటి రీడింగులన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను, ఆ రోజు ఇంకా గుర్తే. కళ్లజోడు ఫ్రేము, బెల్టు బకిల్, చెప్పుల అడుగున రేకు, జాకెట్టు హుక్కులు, ఫోను, తాళాలు, అన్నీ బయట తాటాకు పందిరి కింద వదిలి వెళ్లడం అలవాటు కావాలి.

సీపీ టెక్నీషియన్

పైపులైను విషయం ఎవరూ రాయలేదు, నా వృత్తి అదే కాబట్టి రాస్తున్నాను. గ్యాస్ పైపు తుప్పు పట్టకుండా దానికి ఎప్పుడూ డీసీ కరెంటు ఇస్తారు, క్యాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. పొడవాటి తీగలో ఒక ఆంపియరు పారితే 100 మీటర్ల దూరంలో 2 నానోటెస్లా. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది, మోటారు సైకిలు లాంటి ఇనుప ముద్ద ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది, తీగది మాత్రం సగమే తగ్గుతుంది. 5 ఆంపియర్లనుకుంటే కిలోమీటరున్నర దూరంలోని తోటలో 0.7 దాకా కనబడొచ్చు. తిరుగు కరెంటు నేలలోంచి వస్తుంది కాబట్టి ఇంతే అని గట్టిగా లెక్క కట్టలేం, కొలవాలి.

ఒకేలా ఉంటే గొడవ లేదు, అది కూడా నేల అయస్కాంతత్వంలో కలిసిపోతుంది. సర్వేకి వచ్చినప్పుడు మేం కరెంటుని కొన్ని సెకన్లు ఆన్, కొన్ని సెకన్లు ఆఫ్ చేస్తాం, రోజుల తరబడి. మీ గ్రాఫులో అది మెట్లు మెట్లుగా పడుతుంది. పైపులైను వాళ్లకి ముందే ఒక ఉత్తరం రాసి సర్వే తేదీలు అడిగి పెట్టుకోండి, ఇస్తారు. 11 కేవీ లైను గురించి అంత టెన్షన్ అక్కర్లేదు, ఏసీ కాబట్టి సెకను సగటులో చాలావరకు కొట్టుకుపోతుంది. ఏరియేటర్లూ అంతే. మీ సోలారు పలకలే ప్రమాదం, అది డీసీ, మబ్బు వచ్చిన ప్రతిసారీ మారుతుంది. పలకలూ బ్యాటరీలూ గుడిసెకి 50 మీటర్లకి తక్కువ కాకుండా పెట్టి, పోయే తీగా వచ్చే తీగా జడలా మెలిపెట్టి లాగండి. డేటాకి ఆప్టికల్ ఫైబర్ వెయ్యండి, పిడుగు పడ్డా లోపలికి పాకదు.

జియోఫిజిక్స్ విద్యార్థిని

పెద్దలంతా ఎలా కట్టాలో చెబుతున్నారు, నాకు కట్టాలా అనే అనుమానం ఉంది, కోపం తెచ్చుకోకండి సార్. విశాఖలో ఐఐజీ (భారత భూ అయస్కాంత పరిశోధన సంస్థ) వాళ్ల అబ్జర్వేటరీ ఉంది, కోనసీమకి రెండొందల కిలోమీటర్ల లోపే. అవతల చౌటుప్పల్ ఉంది. అయస్కాంత తుఫాను మీ దగ్గర ఎంతో అక్కడా దాదాపు అంతే. పూర్తి అబ్జర్వేటరీ అని పేరుపెట్టి మూడేళ్లకి వారం కొలతలు ఆగిపోతే ఆ డేటాని ఎవరూ ముట్టుకోరు. ఒక ఫ్లక్స్‌గేట్, ఒక ప్రోటాన్ పెట్టి మార్పులు నమోదు చేసే స్టేషనుగా మొదలుపెడితే చాలదా?

డెల్టాలో ఒక ప్రత్యేకత మాత్రం నిజంగా ఉంది. కింద కిలోమీటర్ల మందాన మట్టీ ఇసుకా పేరుకున్న పొరలు, ఉప్పునీళ్లు, పక్కనే సముద్రం, అన్నీ కరెంటు పారనిచ్చేవే. పైన క్షేత్రం గబగబా మారినప్పుడు వీటిలో ప్రేరిత కరెంట్లు పుడతాయి, నిలువు భాగంలో అది బాగా తెలుస్తుంది. దాన్ని చదవడానికి అసలు విలువ అంత కచ్చితంగా అక్కర్లేదు, మార్పులు చాలు. నేనైతే ఆ డేటా కోసం ఎదురుచూస్తాను.

లంక మాస్టారు

ఆలస్యానికి క్షమించండి, చెప్పింది చేసి రాద్దామని ఆగాను. మాగ్నెటోమీటర్లు రెండు అరువు దొరికాయి. నలుగురు పిల్లలతో రెండు ఆదివారాలు తోటంతా గళ్లు వేసి కొలిచాం. నైరుతి మూలన రెండు మీటర్లలో 70 నానోటెస్లా ఎగిరింది. సెన్సారు పాడైందనుకుని మూడుసార్లు వెనక్కీ ముందుకీ నడిచాం, ప్రతిసారీ అదే చోట అదే ఎగురుడు. తవ్వితే మోకాలి లోతులో పాత బోరు ఇనుప కేసింగు తగిలింది, పైన మట్టి కప్పేసి ముప్పై ఏళ్లయిందట, తోట చూసే ఆయనకి కూడా గుర్తులేదు. తుప్పు పొరలు పొరలుగా ఊడుతోంది, అయినా అయస్కాంతత్వం పోలేదు. పైకి తీయించడం కష్టమన్నారు కాబట్టి ఆ మూలని వదిలేశాం. పెంకుటింటి గోడ దగ్గర మీటరుకి 15, 20 తేడాలు వచ్చాయి, మీరన్నట్టే.

తూర్పు వైపు, ఏటిగట్టుకి దూరంగా, పాతిక మీటర్ల చదరం మాత్రం అద్భుతంగా ఉంది, మీటరు గళ్లలో ఎక్కడా 0.8 దాటలేదు. అక్కడి నుంచి అవతలి ఊరి గుడి కలశం కూడా కనబడుతోంది, రెండు చెట్ల మట్టలు కొట్టిస్తే చాలు.

అమ్మాయి చెప్పిన మాట మీద స్టాఫ్ రూంలో చాలాసేపు మాట్లాడుకున్నాం. కోపం ఎందుకమ్మా, నిజం చెప్పావు. ముందు మార్పుల స్టేషను, పేరు కూడా అదే. వారం కొలతకి నేనూ, మా కెమిస్ట్రీ మేడమూ ఒప్పుకున్నాం. ఏడాదిలో ఎన్ని వారాలు తప్పామో రాసిపెట్టుకుని ఆ తర్వాతే అబ్జర్వేటరీ మాట ఎత్తుదాం. అబ్జర్వర్ గారూ, నడుంలోతు వరదకి స్తంభం ఎంత ఎత్తు కట్టాలంటారు? అంత ఎత్తయితే నిలబడి థియోడొలైటు చూడటం ఎలా?

పాత అబ్జర్వర్

ఆ 0.8 చదివి చాలా సంతోషమేసింది మాస్టారూ. స్తంభం ఎత్తు పెంచకండి, నేల ఎత్తు పెంచండి. దిబ్బ పోయించాలి, కానీ ఏ మట్టి పోస్తే ఆ మట్టిని ముందు కొలిచి పొయ్యాలి, ట్రాక్టరు మట్టిలో ఇటుక ముక్కలు రాకుండా మనిషిని నిలబెట్టండి. 86 వరద గుర్తు ఎంతవరకు ఉందో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి దానికి పైన రెండడుగులు వెయ్యండి. దిబ్బ వేశాక రెండు వానాకాలాలు సర్దుకోనిచ్చి ఆ తర్వాత స్తంభం నిలపండి. ఈలోపు థియోడొలైటు చూడటం నేర్చుకోవచ్చు, నేను కాకినాడ నుంచి వచ్చి నేర్పుతాను. పంటు పొద్దున ఎన్నింటికి మొదలవుతుందో చెప్పండి, ఎండెక్కకముందే మొదటి రీడింగు తియ్యాలి. మేడం గారిని హుక్కులకి బదులు గుండీలున్న జాకెట్టు కుట్టించుకోమనండి, ప్లాస్టిక్ గుండీలు.

రాజోలు సైటు ఇంజనీరు

దిబ్బ మట్టి నేను చూస్తాను. మా మేస్త్రి దగ్గర గుల్ల సున్నం కలపడం తెలిసిన ముసలాయన ఒకరున్నారు, ఆయన్నీ తీసుకొస్తా. సెన్సారు ఆ ఆదివారం అక్కడే ఉంచండి, రాళ్ల శాంపిళ్లు నాలుగు రకాలు తెస్తున్నాను.

లంక మాస్టారు

పొద్దున ఆరుకి మొదటి పంటు. రేవులో మా పిల్లలు ఉంటారు. ఇద్దరూ భోజనం మా ఇంట్లోనే.